యోధుల కొరకైన క్రైస్తవ ప్రార్థన: అందు శత్రువునకు గల స్థానము

ప్రార్థనను సాహిత్యముగా పరిశీలింపవచ్చునా యను సంశయము కొందరికి కలుగవచ్చును. భక్తుడు దైవముతో నాడు మాటలకు లక్షణవిచార మేల యని వారి భావము. కాని స్తోత్రములను, దండకములను, భక్తిశతకములను కావ్యప్రపంచమున చేర్చుకొని చదువుకొన్న మనకు ఈ సంశయము నిలువదు. ప్రార్థనయందు వక్త యున్నాడు, శ్రోత యున్నాడు, ఎవరి మేలు కోరబడుచున్నదో ఆ మూడవ వ్యక్తియు నున్నాడు. యుద్ధమునకు పోవు సైనికుని కొరకును, ఇంట మిగిలిన వాని కుటుంబము కొరకును చేయు ప్రార్థనలో మాత్రము నాలుగవ వ్యక్తి యొకడు కలడు. అతడు శత్రువు. అతనికిని తల్లి కలదు. క్రైస్తవ దేశముల నడుమ జరిగిన యుద్ధములలో ఆమెయు ఆ దేవునికే మ్రొక్కినది. ఈ నాలుగవ వ్యక్తిని ప్రార్థన ఏమి చేసినది? ఇట్టి రచనలకు ఈ ప్రశ్నయే ఒరగల్లని మా యభిప్రాయము. ఆంగ్లభాషలోని మూడు ప్రార్థనలను, ఇట్టి ప్రార్థనలను అధిక్షేపించిన యొక కథను ఈ దృష్టితో పరిశీలింతుము.

మొదటిది ఆంగ్ల సంఘమువారి 1662 నాటి ‘బుక్ ఆఫ్ కామన్ ప్రేయర్’ అను గ్రంథములోనిది. సముద్రముపై చేయదగిన ప్రార్థనలకు అందొక ప్రత్యేక భాగము కలదు. నౌకాదళమున ప్రతిదినము చదువవలసినవి, తుఫానునందు చదువవలసినవి, పోరునకు ముందు చదువవలసినవి, విజయానంతరము కృతజ్ఞత తెలుపునవి, సముద్రమున మృతదేహమును విడుచునప్పటివి అందున్నవి. పోరువలననో తుఫానువలననో నలుగురితో కూడి ప్రార్థింప వీలులేని ఒంటరివాని కొరకు కొన్ని చిన్న ప్రార్థనలు సైతము కూర్పబడినవి. ఓడ నెరిగినవారు కూర్చిన గ్రంథమని దీనివలన తెలియుచున్నది. పోరునకు ముందు చేయు ప్రార్థనలో వక్తలు దేవుని న్యాయాధిపతిగా సంబోధించి, తమకును శత్రువులకును నడుమ తీర్పు తీర్చుమని వేడుదురు. తమ పాపములు తమకే ప్రతికూలముగా మొరపెట్టకుండు గాక యని భయపడుదురు. ఇచ్చట శత్రువు వ్యాజ్యమున ప్రతివాది. పక్షపాతము లేకపోలేదు, తమ పక్షమునే రక్షింపుమని పిమ్మట స్పష్టముగా కోరుదురు. అయినను ప్రతివాదికి న్యాయస్థానమున నిలుచుటకు చోటు దొరికినది. కుటుంబము మాత్రము ఇందు కనబడదు. క్షేమముగా నేలకు మరలి కష్టఫలము ననుభవింపవలెనను కోరికలో ఇల్లు దూరమునుండి తొంగిచూచును, అంతే.

రెండవది విలియం వైటింగ్ 1860లో రచించిన సముద్రగీతము. ఈయన వించెస్టరులో గానబాలుర పాఠశాలకు ఉపాధ్యాయుడు. ఈ గీతము 1861లో ‘హిమ్స్ ఏన్షెంట్ అండ్ మోడర్న్’ అను సంకలనమున చేరినది. జాన్ బేకస్ డైక్స్ దీనికి కట్టిన రాగమునకు ‘మెలిటా’ యని పేరు. అది పౌలు ఓడ పగిలి చేరిన మెలితే ద్వీపము పేరు. తండ్రికి, కుమారునికి, పరిశుద్ధాత్మకు ఒక్కొక్క చరణము, పిమ్మట త్రిత్వమునకు ఒకటి. మొత్తము నాలుగు చరణములు. ఓడలెక్కినవారి ఆపదను వర్ణించు 107వ కీర్తన ఛాయ దీనియందు సుస్పష్టము.

ఇందలి విశేషము సర్వనామములలో నున్నది. 1662 నాటి ప్రార్థనలో ఆపదలో నున్నవారే ‘మేము’. వైటింగు గీతమున ‘మేము’ ఒడ్డున నున్నవారము. ఆపదలో నున్నవారు ‘వారు’. ఈ మార్పుతో ప్రార్థన ఓడనుండి ఇంటికి వచ్చినది, భార్యకును తల్లికిని నోట పట్టినది. ‘వారు’ ఏ దేశమువారో కవి చెప్పలేదు. శత్రువను మాట చివరి చరణమున ఒక్కమారు మాత్రమే, ఇతర ఆపదలతో కలిసి వచ్చును. ఉన్న భయము చాలవరకు సముద్రమువలననే. కావుననే ఏ తీరమున నున్న తల్లియైనను దీనిని పాడుకొనగలదు. అమెరికా నౌకాదళము దీనిని తన గీతముగా చేసికొనినది. 1945లో రూజ్వెల్టు అంత్యక్రియలయందు దీనిని పాడిరి.

దీనికొక యాక్షేపణ కలదు. యుద్ధనౌక కేవలము ఆపదలో చిక్కునది కాదు, ఇతరులకు ఆపద కల్పించునది. ప్రధానముగా సముద్రమునే శత్రువుగా చూపిన గీతము ఆ సత్యమును కప్పిపుచ్చినది గదా? ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. కాని వైటింగు సైన్యము కొరకు వ్రాయలేదు, సముద్రయాత్రికులందరి కొరకు వ్రాసెను. నౌకాదళము తరువాత స్వీకరించినది. మౌనము కవిది, దానిని ఆశ్రయము చేసికొనినది పాడువారు.

మూడవది 1944 జూన్ 6వ తేదీ రాత్రి అధ్యక్షుడు రూజ్వెల్టు రేడియోలో చేసిన ప్రార్థన. ఆ యుదయమే మిత్రసైన్యములు నార్మండీ తీరమున దిగినవి. ఆయన కుమారులు నలుగురును ఆనాడు సైనికసేవలో నుండిరి. ఈ ప్రార్థనలో మరుగు లేదు. కొందరు మరలి రారని ఆయన తేటగా చెప్పి, వారిని చేర్చుకొనుమని తండ్రిని వేడెను. పిమ్మట ఇంట నున్న తలిదండ్రులను, పిల్లలను, భార్యలను, తోబుట్టువులను వేరువేరుగా పేర్కొని వారి కొరకు విశ్వాసమును కోరెను. ప్రార్థనకు ఒక్కదినము చాలదు, ఎడతెగక సాగవలెనని చెప్పెను. కుటుంబమునకు ఇంత చోటిచ్చుట దీని ఘనత. శత్రువు మాత్రము ఇందు బలము, దురాశ, జాత్యహంకారము, మనుష్యుడు కాడు. నాజీల దుష్కృత్యముల నెరిగినవారు ఆ యుద్ధమున ధర్మ మే పక్షమున నున్నదని సందేహింపరు. అయినను నిర్బంధముగా సైన్యమున చేర్చబడిన జర్మను బాలుని తల్లికి ఈ ప్రార్థనలో తావు లేదు.

ఈ లోపమునే మార్క్ ట్వేన్ ‘ది వార్ ప్రేయర్’ అను కథలో ముందుగా చూపెను. 1905లో ఒక పత్రిక దీనిని తిరస్కరించినది. రచయిత 1910లో గతించిన పిమ్మట 1923లో వెలువడినది. మరునాడు యుద్ధమునకు పోవు యువకుల కొరకు దేవాలయమున విజయప్రార్థన జరుగుచుండగా ఒక వృద్ధుడు ప్రవేశించి, మీ ప్రార్థనలో పలుకని భాగమొకటి కలదు, దానిని నేను పలికెదనని, శత్రువుల ఇండ్లు కాలుటను, వారి స్త్రీలు విధవలగుటను వినిపించును. జనులు వానిని పిచ్చివాడనిరి. విజయమును కోరు ప్రార్థనకు ఇంతకు మించిన విమర్శ లేదు. కాని కొడుకు బ్రతికి రావలెనని మాత్రమే కోరు తల్లికి ఈ వృద్ధుడు చెప్పగల సమాధానమేమి? ఆమె ఎవరి చావును కోరలేదు; అయినను రణరంగమున ఒకని బ్రతుకు మరియొకని చావుపై ఆధారపడవచ్చును. ట్వేను ఆమె జోలికి పోలేదు.

ఇచ్చట మనకు గాంధారి స్ఫురించును. ఇది ప్రభావవిచారము కాదు, సాదృశ్యము మాత్రమే. పదునెనిమిది దినములు దుర్యోధనుడు జయమును దీవింపుమని కోరగా, ధర్మమున్నచోటనే జయముండునని ఆమె పలుకుచు వచ్చినదని స్త్రీపర్వమున వ్యాసుడు జ్ఞప్తిచేయును. 1662 నాటి ప్రార్థనవలె ఇదియు తీర్పును పైవానికి విడిచిన మాటయే. కాని ఇందలి వక్త తల్లి, తీర్పు ఆమెకు ప్రతికూలము. యుద్ధానంతరము ఆమె తన పుత్రుల కొరకు మాత్రమే విలపింపలేదు. అభిమన్యునిపై బడి యేడ్చు ఉత్తరను చూచి, శత్రుపక్షపు ఆ బాలుని కొరకును శోకించినది. నాలుగవ వ్యక్తికి పేరు దొరికినది. కాని అది ప్రార్థనలో కాదు, విలాపములో.

పై ప్రార్థనలలో ఒకటి శత్రువును న్యాయస్థానమున నిలిపినది, ఒకటి అతనిని ఒక్కమాటతో విడిచినది, ఒకటి అతని ముఖమును తుడిచివేసినది. వీనిలో వైటింగు గీతమునే మేము మేలైనదిగా నెంచుచున్నాము. అది ప్రశ్నకు సమాధానము చెప్పినదని కాదు. ఇరుపక్షముల తల్లులును పాడదగినదగుట దాని గుణము. వారిద్దరి కోరికయు ఒకేసారి నెరవేరు ప్రార్థన మాకు కానరాలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలపై పరిశోధించువారు ఈ యొరగల్లును అచ్చటను ఉపయోగించి, మా నిర్ణయమునందలి గుణదోషములను విచారింతురు గాక.