‘నో’ యను మాటకు తెనుగు

మన పాఠశాలలలో బాలబాలికలకు తొలుత నేర్పు ఆంగ్లపదములలో ‘నో’ యొకటి. దానికర్థము ‘లేదు’ అని చెప్పి ఉపాధ్యాయులు ముందునకు సాగుదురు. ఈ యర్థము చాలదు. దానివలన కలుగు నష్టము బడితో తీరునది కాదు.

తిరుపతికి క్రొత్తగా వచ్చిన యాత్రికుడు ఒక త్రోవను చూపి, “ఇది కొండకు నడకదారియా?” అని యడిగెననుకొందము. ‘కాదు’ అన్నచో అలిపిరి మెట్లకై మరియొక వైపు వెదకును. ‘లేదు’ అన్నచో దారియే లేదనుకొని మరలును. ‘వద్దు’ అన్నచో అపాయమేదో కలదని నిలుచును. ఆంగ్లేయుడు మూడింటికిని ‘నో’ యని యూరకుండవచ్చును. చిత్తూరు సీమలో తెనుగుతో కలసి వినబడు అరవమునందును వాడుకలో ‘ఇల్లై’ యనునది లేదు, కాదు అను రెంటికిని చెల్లును. ‘వేండాం’ మాత్రము వేరుగా నిలిచినది. కావున ఇది యొక భాష దోషము కాదు. ఒక్కొక్క భాష అలవాటు. దోషమెల్ల ఒకదాని కొలతతో వేరొకదానిని కొలుచుటలో నున్నది.

న్యాయస్థానమున ఈ దోషము ప్రమాదమగును. “నీవచటికి పోలేదా?” అన్నచో, పోనివాడు తెనుగున “అవును, పోలేదు” అనుట కలదు. ఆంగ్లమున వాడు ‘నో’ యనవలెను. సాక్షి ‘అవును’ అని మాత్రమే పలుకగా దుబాసి దానిని ‘యెస్’ అని చెప్పినచో, పోనివాడు పోయినవాడగును.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. తెనుగు క్రియలో నిషేధముతోపాటు నిషేధించువాడును ఉండును. ‘రాను’, ‘ఒల్లను’ అన్నచో ‘నేను’ అని వేరుగా చెప్పనక్కరలేదు. చిత్తూరు చెంత కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు 1930లో ప్రభుత్వపు దమననీతికి నిరసనగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షపదవిని వదలిరి. అది లేదు, కాదు అనుట కాదు, ‘ఒల్లను’ అనుట.

ఇట్టి మాట మన యింటి ఆడుబిడ్డ నోట వచ్చినపుడు మనమేమి చేయుచున్నాము? సంబంధము చూచి యడుగగా ఆమె ‘వద్దు’ అనును. “వరునకు చదువు లేదా? ఆస్తి లేదా?” అని పెద్దలు తిరిగి యడుగుదురు. ఆమె ‘వద్దు’ను తాము ‘లేదు’గా మార్చుకొని, పిదప ఆ ‘లేదు’ను ఖండించి గెలిచితిమనుకొందురు. లేదన్నదానిని తెచ్చి చూపవచ్చును. కాదన్నదానిని సాక్ష్యముతో త్రోసివేయవచ్చును. ఒల్లనన్న మాటకు ఖండనము లేదు. మన్నించుట యొక్కటే కలదు.

పిల్లలకు ‘నో’ నేర్పునపుడు ఈ భేదమును నేర్పుదము. అంతకుముందు పెద్దలము నేర్చుకొందము.