తైలము, కాపడము, విశ్రాంతి

నొప్పి కలిగినప్పుడు దానిని తత్క్షణమే పోగొట్టుకొనవలెనని కోరుట మానవసహజము. కాని ఏండ్లకొలది వంగి పనిచేసిన నడుమునందును, బరువులు మోసిన మోకీళ్ళయందును పేరుకొన్న బాధ ఒక్క పూటలో తొలగునది కాదని గ్రహించి, దానికి తగిన యుష్ణమును, తగిన స్పర్శను, తగిన కాలమును క్రమముగా సమకూర్చిన వైద్యసంప్రదాయము కేరళమునందు నేటికిని జీవించియున్నది. వాగ్భటుని అష్టాంగహృదయమును ఆధారముగా గైకొన్న అష్టవైద్య కుటుంబములు ఈ విద్యను తరతరములుగా పోషించినవి; 1902లో పి. యస్. వారియర్ గారు కోట్టక్కల్ గ్రామమున ఆర్యవైద్యశాలను నెలకొల్పి, ఔషధములను ముందుగనే సిద్ధపరచి విక్రయించు పద్ధతిని ప్రవేశపెట్టి, దీనిని సామాన్యులకు చేరువ చేసిరి.

కీళ్ళనొప్పులు, నడుము పట్టివేయుట మొదలగు బాధలలో ప్రధానదోషము వాతమనియు, అది రూక్షమును శీతలమును గావున నూనెయు కాపడమును దానికి విరుగుడులనియు ఆయుర్వేదము చెప్పుచున్నది. చరకసంహితలోని స్వేదాధ్యాయము అగ్నిసంబంధమైన స్వేదములను, అనగా వేడిచే చెమట పట్టించు చికిత్సలను, 13 విధములుగా వర్ణించినది. కేరళీయ వైద్యులు వానిలో ధారగా పోయుటను, మూటలతో కాచుటను చేపట్టి, అపూర్వమైన హస్తకౌశలముతో పెంపొందించిరి.

పిళిచ్చిల్ అను చికిత్సలో రోగిని పొడవైన కొయ్యతొట్టిలో పరుండబెట్టి, ఇరువైపుల నిలిచిన పరిచారకులు గోరువెచ్చని తైలమున ముంచిన గుడ్డలను పిండుచు, ఒకచేత ధారను విడుచుచు, వేరొకచేత మృదువుగా నిమురుచుందురు. ఇరుప్రక్కల చేతులు ఒకే వేగముతో, ఒకే దిశలో కదలవలెను. తైలపు వెచ్చదనము మొదటినుండి తుదివరకు సమముగా నుండవలెను.

ఞవరక్కిళి యను మూటకాపడము మరింత సున్నితమైనది. సుమారు 60 దినములలో పండెడి ఞవర బియ్యమును బలామూల కషాయముతోను, పాలతోను మెత్తగా నుడికించి, గుడ్డలో మూటలుగా గట్టి, అట్టి పాలకషాయమునందే వానిని వెచ్చగా నుంచెదరు. పరిచారకుడు మూటను ముందుగా తన చేతి వెనుకభాగమునకు తాకించి, వేడి తగినంతయే యని నిశ్చయించుకొనిన పిదపనే రోగి దేహముపై నడపును. అది చల్లారగనే పాత్రలో కాగుచున్న వేరొక మూట చేతికి వచ్చును. గుడ్డగుండ ఊరిన గంజి చర్మమునకు పట్టి, తుదకు తుడిచివేయబడును. కృశించిన కండరములకు ఇది బలమొసగునని వైద్యుల విశ్వాసము. నడుమునొప్పి మాత్రమే యున్నవారికి మినపపిండితో వీపు దిగువన గుండ్రని గట్టు కట్టి, దానిలో వెచ్చని తైలమును నిలిపెడి కటివస్తి చాలును.

ఇన్ని సుగుణములున్నను ఈ ప్రక్రియలు అందరికిని, అన్నివేళలను తగినవి కావు. జ్వరమున్నప్పుడును, ఆమము, అనగా సరిగా జీర్ణము కాని యాహారరసము, చేరి కీళ్ళు వాచి బిగిసినప్పుడును నూనె హితము కాదు. అట్టియెడ వైద్యుడు ముందు ఆమమును పచనము చేయించి, పొడి యిసుకమూటతో కాపడము పెట్టించును. మన యిండ్లలోని పెద్దలకును ఇసుకకాపడము తెలిసినదే; ఎప్పుడు ఏది తగునో నిర్ణయించుటయే శాస్త్రము.

చికిత్స సామాన్యముగా 7 గాని 14 గాని దినములు సాగును. అది ముగిసిన పిమ్మటను, చికిత్స సాగినన్ని దినములు పథ్యము పాటించి, ఎండను, గాలిని, శ్రమను, రాత్రి జాగరణమును, పగటినిద్రను విడువవలయునని నియమము గలదు. నేడు రెండు దినముల విహారయాత్రలో ఒక మర్దన చేయించుకొని, అదియే ఆయుర్వేదమని తలచువారు ఈ నియమమును ఉపేక్షించుచున్నారు. తైలమును కొనవచ్చును, పరిచారకుని శ్రమకు మూల్యము చెల్లింపవచ్చును. దేహము తన్ను తాను చక్కబరచుకొనుటకు వలసిన వ్యవధిని మాత్రము రోగియే తన జీవితమునుండి కేటాయించి యీయవలెను. ఆ వ్యవధిని చికిత్సలో భాగముగా విధించుటయే ఈ సంప్రదాయమునకు గల శాశ్వతమైన విలువ.