కూకట్‌పల్లి మధ్యవర్తి ఓర్పు

బ్యాడ్మింటన్‌లో షాట్ కొట్టిన వెంటనే కోర్టు నడిమికి తిరిగివచ్చి తరువాతి దానికి సిద్ధపడడం ఎంత అవసరమో, కూకట్‌పల్లిలో ఇళ్లు చూపే మధ్యవర్తికి, కొనవచ్చినవారు పెదవి విరిచిన మరుక్షణమే తాళంచెవులు సర్దుకొని మరో గుమ్మం వైపు నడవడం అంతే అవసరం. గచ్చిబౌలి గోపీచంద్ అకాడమీలో తర్ఫీదు పొందిన పి.వి. సింధు 2017, 2018 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనళ్లలో ఓడినా మళ్లీ సిద్ధపడి, 2019 ఫైనల్లో ప్రత్యర్థి ఒకుహారాపై 21-7, 21-7తో గెలిచారు. ఆ విజయాన్ని లోకమంతా చూసింది, మధ్యవర్తికి మాత్రం చప్పట్లు కొట్టే గ్యాలరీ ఉండదు. హౌసింగ్ బోర్డు కాలనీలో అల్పాదాయ వర్గాలకు కట్టిన ఎల్ఐజీ ఇళ్ల సందుల నుంచి కొత్త అపార్టుమెంట్ల వరకు తిరిగే అతడు, ఏ వంటగదిలోకి ఉదయపు వెలుతురు వస్తుందో, ఏ ఇల్లు మెట్రోకు నడిచేంత దూరమో చెప్పగలడు. ఆస్తిపై నమోదైన అమ్మకాలను, తాకట్లను చూపే ఈసీని, యాజమాన్యం చేతులు మారిన క్రమాన్ని తెలిపే లింకు పత్రాలను, స్థలంలో ఫ్లాటుకు దక్కే అవిభాజ్య వాటాను ఓపికగా విడమరచి, బయానా ఇచ్చేలోపే కొనేవారి భయాన్ని సగం తీరుస్తాడు. అంతా కుదిరాక ఇంటి పెద్దావిడ వాస్తు బాగాలేదంటే, వాదించకుండా, ఆమెకు తూర్పు గుమ్మం ఇష్టమని డైరీలో రాసుకుంటాడు.