మౌర్యుల పతనం: మతం మీద మోపిన నేరం

మౌర్యవంశం యెందుకు కూలిందని అడిగితే మన విద్యార్థుల దగ్గర రెండు జవాబులు సిద్ధంగా వుంటాయి. అశోకుడి అహింస సైన్యాన్ని చచ్చుపరచిందని ఒకటి. అశోకుడి బౌద్ధం మీద బ్రాహ్మణులు పగదీర్చుకున్నారని రెండవది. మొదటిది కత్తిని పూజించేవారి జవాబు. రెండవదానికి మన వేదికలమీద కూడా చప్పట్లు మోగుతాయి. అందుకే ముందు దీన్నే పరిశీలించాలనుకుంటున్నాను.

యీ వాదానికి పునాది వేసినవారు హరప్రసాద శాస్త్రిగారు. జంతుబలుల నిషేధమూ, వ్యవహారంలోనూ శిక్షలోనూ సమత్వమూ బ్రాహ్మణుల ప్రత్యేక హక్కులను దెబ్బతీశాయని ఆయన 1910లో రాశారు. క్రీ.పూ. 185 ప్రాంతంలో సేనాని పుష్యమిత్రుడు సైన్యాన్ని చూపించే నెపంతో చివరి మౌర్యుడైన బృహద్రథుణ్ణి చంపాడు. చంపినవాడు బ్రాహ్మణుడు, ఆ పైన అశ్వమేధం కూడా చేశాడు. కథ కుదరడానికి యింకేం కావాలి?

కాని శాసనాలు యీ కథకు లొంగవు. శ్రమణులతోపాటు బ్రాహ్మణులకూ దానం చెయ్యమని అశోకుడు పదే పదే చెప్పాడు. గయ దగ్గర బరాబరు కొండ గుహలను ఆజీవకులకిచ్చాడు. మనుమడు దశరథుడు పక్కనున్న నాగార్జుని గుహలను (మన నాగార్జునకొండ కాదు) వాళ్ళకే యిచ్చాడు. పైగా అశోకుడి మరణానికీ బృహద్రథుడి హత్యకూ మధ్య దాదాపు యాభై యేళ్ళున్నాయి. అంతకాలం కాచుకు కూర్చున్న పగ యెటువంటి పగ?

శ్రమణుడి తలకు నూరు దీనారాలిస్తానని పుష్యమిత్రుడు ప్రకటించినట్టు దివ్యావదానం చెబుతుంది. దీనారమన్నది రోము నాణెం పేరునుంచి వచ్చిన మాట. పుష్యమిత్రుడి తర్వాత చాలాకాలానికిగాని యీ దేశానికి రాలేదు. భార్హుతు స్తూపానికి తోరణం లేచింది శుంగుల రాజ్యంలోనే. ఆ సంగతి తోరణం మీదనే చెక్కివుంది.

అదే గ్రంథంలో మరో ఘట్టముంది. తక్షశిల ప్రజలు తిరగబడ్డారు. రాజకుమారుడు వస్తే యెదురువెళ్ళి, తమకు రాజుతో విరోధం లేదనీ, దుష్టులైన అమాత్యులే తమను అవమానిస్తున్నారనీ మొరపెట్టుకున్నారు. ఒక మాట తోసేసి మరో మాట నమ్మడం న్యాయమేనా అని పాఠకులడగవచ్చు. మొదటిదానికి శాసనం అడ్డు నిలుస్తోంది. రెండవదానికి శాసనమే సాక్ష్యం. కారణం లేకుండా మనుషులను బంధించవద్దనీ, హింసించవద్దనీ ధౌలిలో అశోకుడే తన మహామాత్రులను హెచ్చరించాడు. యీ సంగతి చూడటానికి అయిదేళ్ళకొకసారి తనిఖీకి అధికారిని పంపుతానన్నాడు. తక్షశిల నుంచి, ఉజ్జయిని నుంచి మూడేళ్ళకే పంపాలన్నాడు. రాజే వొప్పుకున్న నేరాన్ని కప్పిపుచ్చి పురోహితుల పగను ముందుకు తెస్తే లాభం యెవరికి? ఆ అమాత్యులకే.

అహింస సంగతి క్లుప్తంగా చెబుతాను. కళింగలో లక్షమంది చచ్చారని విలపించిన పదమూడవ శిలాశాసనంలోనే అడవిజాతులకు బెదిరింపు వుంది. కళింగను తిరిగి యిచ్చిందీ లేదు. మరణశిక్షకు మూడురోజుల గడువు పెట్టాడేగాని రద్దు చెయ్యలేదు. శాస్త్రిగారి వాదాన్ని అంత గట్టిగా ఖండించిన హేమచంద్ర రాయచౌధురిగారే చివరకు అహింసను దోషిగా నిలబెట్టడం విచిత్రం!

అధికారుల విధేయత రాజ్యానికి గాక రాజు వ్యక్తికి కట్టుబడి వుండటమే బలహీనత అని రొమిలా థాపర్ 1961లో చూపారు. మన కర్నూలు జిల్లా యెర్రగుడి శాసనం చదివితే యిది స్పష్టమవుతుంది. రాజు రజ్జుకుడికి ఆజ్ఞాపించాలి. రజ్జుకుడు భేరి వేయించి జనపదానికీ రాష్ట్రికులకూ ఆజ్ఞాపించాలి. పైనుంచి కిందికి భేరి వుంది. కిందినుంచి పైకి తక్షశిల మార్గం తప్ప మరోటి కనిపించదు.

యిక ఖజానా. విద్ధాంక నాణేలను తూచి చూసిన కోశాంబి 1956లో, తరువాతి మౌర్యులవని తాను గుర్తించిన వాటిలో వెండి తగ్గి రాగి పెరిగిందన్నారు. మౌర్యులు ధనాశతో దేవతాప్రతిమలు చేయించారని పతంజలి మహాభాష్యంలో ఒక మాట వుంది. మతానికి మౌర్యుల పతనంతో వున్న సంబంధాన్ని నేను వెతకాలనుకునేది యీ ప్రతిమల దగ్గరే. తరగతిలో పుష్యమిత్రుడి కులం చెప్పినంత తేలికగా యీ సంగతి చెప్పలేం. నాణేన్ని చేతిలోకి తీసుకుని గీటు పెట్టి చూడాలి.