పోయిన యోధుడు తిరిగి రాడు

పాత కంప్యూటరులో లినక్సు వేసుకున్నాక మావాడికి అందులో దొరికిన ఆట 'బ్యాటిల్ ఫర్ వెస్నోత్'. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టాడు. పైసా కట్టక్కర్లేదు, ప్రోగ్రాము కూడా ఎవరైనా తెరిచి మార్చుకోవచ్చు. చదరంగంలాగే వంతులవారీ ఆట, కానీ గడికి ఆరు వైపులు. ఎల్ఫులు అడవిలో నిలబడితే దెబ్బ తగలడం కష్టం. చీకటి పడితే ఆర్కులకి బలం హెచ్చుతుంది. అంతవరకూ లెక్కే. ఆపైన ప్రతి దెబ్బకీ పాచిక వేసినట్టే, అంతా అదృష్టం. చాలామంది దీన్నే తప్పుపడతారు. అష్టాచెమ్మా ఆడిన చేతులకి అదేం వింత కాదులెండి.

నా ఫిర్యాదు వేరు. ఒక యుద్ధంలో రాటుదేలిన యోధుణ్ణి తర్వాతి యుద్ధానికి పిలుచుకోవచ్చు. చచ్చిపోతే ఇక రాడు. ఆట ప్రాణమంతా అక్కడే ఉంది. మరి అలాంటప్పుడు, దాచుకున్న ఆటని మళ్ళీ తెరుచుకునే వీలెందుకివ్వాలి? 'సింహాసనానికి వారసుడు' కథ ఆడుతూ, విలుకాడు పోగానే మావాడు వెనక్కి వెళ్ళబోయాడు.

"వాడు పోయాడురా, ముందుకి ఆడు" అన్నాను.

"నువ్వైతే వదిలేస్తావా నాన్నా?"

ఆ రాత్రి వాడు పడుకున్నాక నేను కూర్చున్నాను. మూడు యుద్ధాలు నాతో వచ్చిన రౌతు పోయాడు. నేనూ తెరిచాను.