నాగార్జునసాగర నామవిమర్శము

కృష్ణానదిపై నల్లగొండ, పలనాడు జిల్లాల నడుమ నిలిచిన నాగార్జునసాగరము నెఱుఁగని తెలుగువారు లేరు. దీనికి 1955 డిసెంబరు 10వ తేదిని జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపనము చేసెను. 1967 ఆగస్టు 4వ తేదిని ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. 124 మీటర్ల యెత్తుగల యీ రాతికట్టడము కుడియెడమ కాలువల ద్వారమున పొలములను దడుపుచు, ప్రధానకేంద్రముననే 816 మెగావాట్ల విద్యుచ్ఛక్తి నుత్పాదింపఁగలిగి, 2004 నుండి హైదరాబాదు, సికిందరాబాదు నగరములకు త్రాగునీటిని సైతము సమకూర్చుచున్నది. ఇంతటి జలాశయముయొక్క పేరు చరిత్రకు సాక్ష్యమగునా యనునది విచారింపఁదగినది.

తొలుత నీ ప్రణాళికను నందికొండ పేరఁ బిలిచిరి. నేఁటి పేరు నాగార్జునకొండనుండి వచ్చినది. దీనినిబట్టి మాధ్యమికాచార్యుఁడగు నాగార్జునుఁ డచ్చటనే వసించెనని బాలురకు నిశ్చయముగాఁ జెప్పుట కలదు. టిబెట్టు బౌద్ధసంప్రదాయ మాతనిని శ్రీపర్వతముతో ముడివెట్టుట నిజము. లోయలోని శాసనములందు శ్రీపర్వతనామము గానవచ్చుటయు నిజము. కాని యచ్చటి యిక్ష్వాకుల శాసనములలో నాచార్యుని పేరు లేదు. కావున నాతని నివాసము సంభావ్యమే కాని సిద్ధము కాదు.

శాసనములు స్పష్టముగాఁ దెలుపునది వేఱు. నగరము విజయపురి. మహాచైత్యమునకు స్తంభములు నిలిపినది రాజసోదరి చాంతిసిరి. బోధిసిరి యను నుపాసిక తన దానములలో నొక తటాకమునుగూడఁ బేర్కొన్నది. నీటిని నిలిపి పుణ్యము గడించిన యీ స్త్రీ పేరు పండితుల పుటలు దాఁటి యంతగా రాలేదు.

నామము గౌరవార్థమే కాని చరిత్రార్థము కాదని కొంద ఱనవచ్చును. ఆ మాట యొప్పుకొనఁదగినదే. అయినను నిచ్చట నొక విశేషము గలదు. 1926లో బయల్పడిన యీ శిథిలములను 1954 మొదలు 1960 వఱకు విస్తారముగాఁ ద్రవ్విరి. కొన్ని కట్టడములను కొండమీఁదికిని, అనుపునకును దరలించిరి. తక్కిన లోయ నీట మునిఁగినది. ఇతరస్థలములందువలె మరలఁ ద్రవ్వి సందేహము దీర్చుకొనుట కిచ్చట వీలు లేదు. మిగిలిన ఆధారములు శిలలు, ప్రతికృతులు, త్రవ్వకముల వ్రాతలు. వానిపైఁ బేరును బట్టి పుట్టిన నమ్మకమును మోపినచో, ముందుతరములవారికి రెంటిని వేఱుచేయుట దుర్ఘటమగును.

సాగరమున కాచార్యుని పేరుంచుట తగినదే. విజయపురి పేరును ఇరుదరులనున్న కాలనీలయందు నిలిచియే యున్నది. బోధించువారు శాసనము నిట్లు, సంప్రదాయము నిట్లు, నామకరణము నిట్లు అని మూఁటిని వేర్వేఱుగాఁ జెప్పిన చాలును. అంతట బోధిసిరి చెఱువునకును బాలుర పాఠమునఁ జోటు దొరకును.