పేజీ చెదరకుండా మాట మార్చే పనితనం

వెబ్ పేజీలో ఒక మాట తీసేసి మరో మాట పెట్టడానికి జావాస్క్రిప్ట్‌లో ఒక్క లైను చాలంటారు. ఆ భాగం లోపలి కోడంతా ఇచ్చే ఇన్నర్‌హెచ్‌టీఎమ్‌ఎల్ తీసుకుని, రీప్లేస్ చేసి, తిరిగి పెట్టేయడమే. పైకి బాగానే కనిపిస్తుంది గానీ, బ్రౌజర్ పాత భాగాన్నంతా పారేసి కొత్తగా కట్టుకుంటుంది. బటన్లకు తగిలించిన ఫంక్షన్లు ఊడిపోతాయి, ఫారంలో టైపు చేసింది పోతుంది, లింకు అడ్రసులో అదే మాట ఉంటే అదీ మారిపోతుంది. ఒక్క పెంకు మార్చడానికి ఇల్లంతా విప్పినట్టు!

జేమ్స్ పడోల్సీ రాసిన ‘ఫైండ్ అండ్ రీప్లేస్ డామ్ టెక్స్ట్’ అనే చిన్న లైబ్రరీ ఇదే పనిని ఎంత ఒద్దికగా చేస్తుందో చూస్తే ముచ్చటేస్తుంది. అది అడ్రసుల జోలికి పోదు, పాఠం మాత్రమే ఉండే ముక్కల్ని, అంటే టెక్స్ట్ నోడ్లనే పట్టుకుంటుంది.

ప్రాసాక్షరాన్ని బోల్డ్ చేసిన పద్యం ఒకటి పేజీలో ఉందనుకోండి. ‘కమలము’లో ‘మ’ బోల్డ్. మన కంటికి ఒకటే మాట. బ్రౌజర్ లెక్కలో మాత్రం ‘క’, ‘మ’, ‘లము’ అని మూడు నోడ్లు. విడివిడిగా వెతికితే ఎందులోనూ ‘కమలము’ దొరకదు. ఈ లైబ్రరీ ముందు పాఠమంతా వరసగా కలిపి చదువుతుంది. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గుర్తుపెట్టుకుని, మళ్లీ నోడ్ల వెంట నడుస్తూ ఏ ముక్కలో ఎంత పడిందో తేల్చుకుంటుంది. రంగు వేయమంటే మూడు ముక్కలకూ వేర్వేరు ట్యాగులు తొడుగుతుంది, బోల్డ్ చెక్కుచెదరదు.

‘కమలము’ స్థానంలో ‘తామర’ పెట్టమంటే? మామూలుగా ఉండే ‘రిటైన్’ పద్ధతి పాత ముక్కల పొడవును బట్టి కొత్త మాటను పంచుతుంది. ఇంగ్లీషుకు చక్కగా సరిపోతుంది. తెలుగులో దీర్ఘానికి వేరే కోడ్ ఉంది కదా, అందుకని ‘త’ మొదటి ముక్కలో, దాని దీర్ఘం ఒంటరిగా బోల్డ్‌లో, ‘మర’ చివర్లో పడతాయి. అక్షరమే విరిగిపోతుంది. ఇలాంటి చోటికి ‘ఫస్ట్’ అనే రెండో పద్ధతి ఉంది. కొత్త మాటంతా మొదటి ముక్కలోనే పెడుతుంది. ప్రాసాక్షరానికి బోల్డ్ పోతుంది, నిజమే. అయినా మన లిపికి ఇదే మేలని నా అభిప్రాయం.

‘ప్రోజ్’ అనే అమరిక పెడితే ఈ లైబ్రరీ స్క్రిప్టులనూ స్టైళ్లనూ దాటేస్తుంది. శీర్షిక చివరి మాటనూ పేరా మొదటి మాటనూ కలిపి చదవదు. మార్చింది నచ్చకపోతే ‘రివర్ట్’ అంటే పాత పాఠం తిరిగొస్తుంది, ఈలోగా మరో స్క్రిప్టు ఆ నోడ్లను కదిలించకుండా ఉంటే.